మొహం లేని ఫొటో

రెండున్నరేళ్ల ఆ పాపకి ఫొటో అనే మాటకి అర్థం ఎవరూ చెప్పలేదు. తనంతట తనే నేర్చుకుంది. ఆటల బడికి ఫొటోగ్రాఫరు వచ్చిన రోజున ఆ అర్థం బడికంతటికీ తెలిసిపోయింది.

పిల్లలందర్నీ ఒక వరసలో నిలబెట్టి, చొక్కాలు సర్ది, ముక్కులు తుడిచి, ఫొటోగ్రాఫరు "రెడీ... ఫొటో!" అన్నాడు. తక్కిన పిల్లలు పళ్లికిలించారు. ఈ పాప మాత్రం కొండనాలుక కనిపించేలా నోరు తెరిచి, నాలుక గడ్డం మీదికి చాపి, "ఆఆఆ" అంటూ, గౌను రెండు చేతులా మెడ దాకా ఎత్తి పట్టుకుంది. ఆ క్షణమే ఫొటోలో పడింది. వరసంతా నవ్వుతుంటే మధ్యలో ఒకత్తి వైద్య పరీక్షకి హాజరైనట్టుంది.

సాయంత్రం పాపని తీసుకురావడానికి వెళ్లిన తల్లికి ఆ ఫొటో ఇస్తూ టీచరమ్మ గొంతు తగ్గించి అడిగింది. "పాపకి ట్రీట్‌మెంట్ ఏదైనా నడుస్తోందా అండీ?"

తల్లి దారంతా నవ్వుకుంటూనే ఇంటికొచ్చింది. భర్త రాగానే ఆ ఫొటో చేతిలో పెట్టి, కుర్చీలో కూలబడి, కళ్లు తుడుచుకుంటూ మళ్లీ నవ్వింది. అతను ఫొటోని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుగులో అటూ ఇటూ తిప్పి, కనుబొమలు ముడిచి అన్న మొదటి మాట ఇది.

"గొంతు లోపల కొంచెం ఎర్రగా లేదూ?"

ఆవిడ నవ్వు అక్కడితో ఆగిపోయింది.

అతని గురించి కొంచెం చెప్పాలి. రసాయన శాస్త్రంలో పెద్ద చదువే చదివాడు. టైల్స్ ఫ్యాక్టరీలో నాణ్యత చూసే విభాగంలో ఉద్యోగం. బట్టీలోంచి కాలి బయటికొచ్చిన పలకలు బెల్టు మీద వరసగా కదిలి వస్తుంటే, ట్యూబ్‌లైట్ల కింద నిలబడి తప్పులు పట్టడం అతని పని. సూదిబెజ్జం, వెంట్రుకంత బీట, ఊడిన పెచ్చు, రంగులో తేడా, కాస్త వంపు, ఏదీ అతని కన్ను దాటి పోదు. తప్పు దొరికితే పలక పక్కకి తీసి, పక్కనే స్కేలు పెట్టి, ఫోన్‌తో ఫొటో తీసి పైవాళ్లకి పంపుతాడు. స్కేలు లేని ఫొటోకి అక్కడ విలువ లేదు. బీట ఉందంటే చాలదు, ఎంత ఉందో చెప్పాలి. అందుకని చొక్కా జేబులో ఎప్పుడూ ఒక పారదర్శకమైన చిన్న స్కేలు ఉంటుంది. ఫ్యాక్టరీలో అందరూ అతన్ని స్కేలు సార్ అంటారు. ఎదురుగా కూడా అంటారు. అతను పలుకుతాడు కూడా.

బాగున్న పలకని మాత్రం ఎవరూ ఫొటో తీయరు. అది పెట్టెలోకి వెళ్లిపోతుంది. ఎవరి స్నానాలగదిలోనో గోడెక్కి, అక్కడా ఎవరి కంటా పడకుండా బతుకుతుంది.

పాప పుట్టాక స్కేలు సారు ఇంట్లో కూడా అదే డ్యూటీ ఎక్కాడు. ఆస్పత్రిలో చేతికి ఇవ్వగానే ముందు వేళ్లు లెక్కపెట్టాడు. సరిపోయినందుకు సంతోషించడానికి బదులు మళ్లీ లెక్కపెట్టాడు. అప్పట్నుంచి ఒంటి మీద ఏ చిన్న చుక్క కనిపించినా స్కేలు, ఫొటో. దోమ కుట్టిన దద్దురు, ఎనిమిది మిల్లీమీటర్లు. చెమటకాయలు, స్కేలుతో సహా. నాలుక మీద తెల్లపూత, ఉదయం, సాయంత్రం. డైపర్ల సంగతి చెప్పకపోవడమే మర్యాద. అన్నీ పిల్లల డాక్టరు ఫోన్‌కి వెళ్లేవి. ఆయన మొదట్లో జవాబులు రాసేవాడు. తర్వాత ఉత్త బొటనవేలు బొమ్మ పంపేవాడు. ఒకరోజు ఓపిక అయిపోయి, "మీరు ఫొటోలు ఆపితే పాపకి తొందరగా తగ్గుతుంది" అని రాశాడు. మన సారు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, ఫోన్ వెలుతురు కళ్లకి మంచిది కాదనేమో అనుకున్నాడు.

దీన్ని అతను ఎప్పుడూ భయం అనలేదు. జాగ్రత్త అనేవాడు.

ఇప్పుడు ఆవిడ నవ్వు ఆపి కుర్చీలో నిటారుగా కూర్చుంది. "ఏమండీ, ఒక్క మాట అడుగుతాను, తడుముకోకుండా చెప్పండి. మన పాప నవ్వితే ఏ బుగ్గన సొట్ట పడుతుంది?"

"ఎడమ" అన్నాడు. సైన్సు చదివినవాడు కదా, తెలియనప్పుడు కూడా ధైర్యంగా చెప్పడం అలవాటు.

"దానికి సొట్టే లేదు."

పాప వీపు మీద ఎడమ భుజం కింద ఉన్న పుట్టుమచ్చ పొడవూ వెడల్పూ అడిగి ఉంటే దశాంశాలతో సహా చెప్పేవాడు.

"రోజూ చూస్తూనే ఉంటాను కదా" అన్నాడు నీరసంగా.

"చూడ్డం లేదండీ. తనిఖీ చేస్తున్నారు."

ఆవిడ నీటి శుద్ధి కేంద్రంలో ఇంజనీరు. వచ్చే ఆదివారం వేరే ఊళ్లో ట్రైనింగుకి వెళ్తోంది, మూడు నెలలు. అక్కడ పగలంతా ప్లాంటులోకి ఫోన్లు రానివ్వరట. జేబులో పెట్టుకోవడానికి పాపది ఒక కాగితం ఫొటో కావాలి ఆవిడకి. ఆవిడ తీసినవాటిల్లో పనికొచ్చేది లేదు. ఫోన్ ఎత్తగానే పాప లాక్కోవడానికి వస్తుంది కాబట్టి అన్నిట్లోనూ ఒక అరచెయ్యే ఉంది, లెన్సు మీద పరుచుకుని.

"నాకు ఒక్క ఫొటో తీసివ్వండి" అంది. "నోరు మూసుకుని, గౌను దించుకుని, ఒంట్లో ఏ జబ్బూ లేకుండా. మీ చేత్తోనే తియ్యాలి. మూడు నెలలు దీన్ని మీకొదిలి వెళ్తున్నాను. మీరు దాన్ని ఒక్కసారైనా సరిగ్గా చూశారని నాకు నమ్మకం కలగాలి. లేకపోతే బస్సెక్కాలంటే నాకు కాళ్లు రావు."

చివరి మాట ఆవిడ నవ్వకుండా అంది.

అతను దాన్ని ప్రాజెక్టుగా తీసుకున్నాడు. అదే మొదటి తప్పు.

మర్నాడు ఫ్యాక్టరీలో కేటలాగు బొమ్మలు తీసే ఆవిడ దగ్గరికి వెళ్లాడు. డిజైను విభాగంలో ఉంటుంది, అందరూ కేటలాగక్క అంటారు. ఆవిడ దగ్గర పెద్ద కెమెరా ఉంది.

"మీకెందుకు సార్ ఇది? దీంతో తీస్తే బీట ఇంకా పెద్దగా కనబడుతుంది, మేనేజరుకి గుండె ఆగుతుంది" అంది.

"పాపకి, అక్కా. ఒక్క ఫొటో."

"దాందేముంది, తీస్కెళ్లండి. కింద పడేస్తే మాత్రం పాపని మా ఇంటికి పంపెయ్యాలి."

కెమెరాతో వచ్చిన పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాడు, బ్యాటరీ మింగరాదు అనే హెచ్చరికతో సహా. హాల్లో తెల్ల దుప్పటి కట్టాడు. పలకల రంగు సరిచూసేటప్పుడు పెట్టే కోణంలో రెండు దీపాలు పెట్టాడు. మధ్యలో స్టూలు. మనవరాలిని చూసుకోవడానికి అప్పుడే దిగిన అత్తగారు గుమ్మంలో నిలబడి, బ్యాగు కింద పెట్టడం కూడా మర్చిపోయింది.

"ఏం బాబూ, పాపకి ఎక్స్‌రేనా?"

"ఫొటో అండీ."

మాట నోరు జారింది. స్టూలు మీద పాప వెంటనే "ఆఆఆ" అని నోరు తెరిచింది. గౌను పైకి లేచింది.

ఆ మాట ఇంట్లో నిషేధించారు. తర్వాత ప్రయత్నంలో "ఇటు చూడమ్మా" అన్నాడు. పాప తల పక్కకి వాల్చి చెవి చూపించింది, ఆ మాట చెవి పరీక్షదట. "నవ్వు తల్లీ" అంటే పళ్లన్నీ బయటపెట్టి, పైవరసా కిందివరసా విడివిడిగా చూపింది. ఏమీ అనకుండా ఊరుకుంటే, నాన్న ఏదో మర్చిపోయాడని జాలిపడి, మోచేతులూ మోకాళ్లూ తనే ఒకటొకటిగా ముందుకు పెట్టింది. అంత బుద్ధిగా సహకరించే పిల్ల ఆ వీధిలోనే లేదు. అతని దగ్గర అరగంటలో నాలుక ఫొటోలు పోగుపడ్డాయి. ఫోకస్ మాత్రం అద్భుతం.

"ఎలా తయారు చేశారు బాబూ దీన్ని" అంటూ అత్తగారు ముక్కున వేలేసుకుంది. మెచ్చుకోలు కాదని అతనికి కొంచెం ఆలస్యంగా అర్థమైంది.

మర్నాడు మొహం వేలాడేసుకుని కేటలాగక్క ముందు కూర్చున్నాడు. "మనుషుల సంగతి తర్వాత, ముందు మీ చెయ్యి అలవాటు పడనివ్వండి" అంది ఆవిడ, పని మధ్యలో తల ఎత్తకుండానే. "భోజనాల బెల్లు కొట్టాక అలా తిరిగి, మీకు నచ్చినవి ఓ పది తీసుకురండి."

నచ్చినవి. ఆ మాట అతనికి పరీక్షలో సిలబస్ బయటి ప్రశ్నలా తగిలింది. ఫ్యాక్టరీ అంతా తిరిగాడు. అన్నం డబ్బా తెరవలేదు. తిరిగొచ్చి చూపించాడు.

కేటలాగక్క ఒక్కొక్కటే జరిపింది. తుప్పు పట్టిన గొళ్లెం. పెచ్చులూడిన గోడ. చక్రం విరిగిన తోపుడుబండి. కారుతున్న కుళాయి. "సార్, ఇవి ఫొటోలా, ఫిర్యాదులా? ఇవి పట్టుకెళ్లి మేనేజరుకి చూపిస్తే ముందు నన్ను పీకేస్తాడు." నవ్వుతూనే ఇంకొకటి జరిపి, ఆగింది. "ఇదేంటి?"

అది పైకప్పు. బెల్టు మీద కదులుతున్న మెరుపు పలకల మీద రేకుల సందులోంచి ఎండ పడి, ఆ వెలుగు కప్పు మీద చెరువులో నీళ్లలా అలలు అలలుగా పారుతోంది. ఏళ్ల తరబడి దాని కిందే నిలబడి పని చేశాడు, ఒక్కనాడూ తల ఎత్తలేదు. ఆరోజు ఎత్తాడు. ఎత్తి అలాగే ఉండిపోయాడు. అలవాటుగా చెయ్యి జేబులోని స్కేలు మీదికి పోయింది. పోయి, ఆగిపోయింది. ఎక్కడ పెట్టాలి?

"దీంట్లో తప్పేంటి సార్?" అంది ఆవిడ.

"తప్పేం లేదు."

"మరెందుకు తీశారు?"

ప్రతి ఫొటోకీ కారణం రాసే మనిషి. ఈసారి ఎంత వెతికినా దొరకలేదు. "ఊరికే" అన్నాడు. అనగానే చెవులు ఎర్రబడ్డాయి, ఏదో చేయకూడని పని చేస్తూ దొరికిపోయినట్టు.

ఆ 'ఊరికే' అనే మాట అతని నెత్తికెక్కడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ సాయంత్రానికల్లా తనలో ఒక కళాకారుడు ఇన్నాళ్లూ నిద్రపోతున్నాడని కనిపెట్టేశాడు. గ్లాసు నీడ తీశాడు. తలుపు సందులోంచి వెలుతురు తీశాడు. అత్తగారు ఆరేసిన తువ్వాలు కింద పడుకుని తీశాడు. ఆవిడ అతన్ని దాటుకుని వెళ్లాల్సొచ్చింది. భార్యని పిలిచి కప్పు ఫొటో చూపించి, వెలుగూ చీకటీ అంటూ ఏదో మొదలుపెట్టాడు.

"నాలుగు పైకప్పులు తీసి కళాకారుడైపోయారా?" అంది ఆవిడ సూట్‌కేసులో బట్టలు మడత పెడుతూ. "బాగుంది. నిజంగానే బాగుంది. నా ఫొటో ఏదీ?"

గాల్లో తేలుతున్నవాడు దబ్బున నేల మీద పడ్డాడు. అది శుక్రవారం.

శనివారం మధ్యాహ్నం షిఫ్టు దిగి వస్తూ, పనికిరాదని పక్కన పడేసిన పలకల్లోంచి ఒక మెరుపు పలక అడిగి తెచ్చుకున్నాడు. కొంచెం వంపు తిరిగింది. సరిగ్గా ఆ వంపు వల్లే వెలుగు అలా పారుతుందని అతనికి తెలుసు, భౌతిక శాస్త్రం కూడా చదివాడు కదా. ఎవరికీ చెప్పలేదు, అడిగినవాళ్లూ లేరు.

కిటికీలోంచి ఎండ పడే చోట కూర్చుని పలకని పట్టుకున్నాడు. ఎదుటి గోడ మీద ఒక వెలుగు ముద్ద లేచింది. పలకని కాస్త కదిపితే అది సాగి, వణికి, మూలకి పరిగెత్తింది.

పాప చేతిలో గిన్నె వదిలేసింది. గోడ దగ్గరికి వెళ్లి వెలుగు మీద చెయ్యి వేసింది. వెలుగు చేతి మీదికెక్కింది. చెయ్యి తీసేసి, గుప్పిట తెరిచి చూసుకుంది. లేదు. గోడ మీద ఉంది. ఇంతలో అది పైకి పోయింది. పాప ఎగిరింది. కిందికొచ్చింది. పాప కూర్చుంది. "దా! దా!" అని దాన్ని పిలిచింది, కసిరింది, వేలు చూపించి బెదిరించింది. ఆ చిన్న ముక్కు మీద కోపం వస్తే రెండు నిలువు గీతలు పడతాయి, ఆవలింతకి ముందు పడే గీతల్లాంటివి కావు, వేరే. అతను అవి మునుపెప్పుడూ చూడలేదు. చర్మం మీద చుక్కలు కాదు కాబట్టి కాబోలు.

ఇదే, ఇప్పుడే, తియ్యి, అని లోపల ఒకడు అరుస్తున్నాడు. కెమెరా పక్కనే ఉంది. కాని రెండు చేతుల్లోనూ పలక ఉంది. పలక దించితే వెలుగు పోతుంది. వెలుగు పోతే పాప ఆగుతుంది. ఆగితే నోరు తెరుస్తుంది.

దించలేదు. పాప ఎగురుతూనే ఉంది, అతను ఆడిస్తూనే ఉన్నాడు. చేతులు పట్టేశాయి. కాసేపటికి ఫొటో సంగతి కూడా మర్చిపోయాడు.

"ఇటివ్వండి, నేను పట్టుకుంటాను" అంది వెనకనుంచి భార్య. ఎంతసేపట్నుంచి నిలబడి ఉందో.

అతను కెమెరా అందుకున్నాడు. చదివిన పుస్తకంలోని ఒక్క ముక్కా గుర్తు రాలేదు. పాప వెలుగు వెంట ఉంది, వెలుగు గోడ మీద ఉంది, కాబట్టి పాప మొహం ఎప్పుడూ గోడ వైపే ఉంది. అతను అటు చేరేలోగా అది ఇటు వచ్చేది. తీసినవన్నీ వీపులు, మడమలు, గాల్లో లేచిన జుట్టు. ఎండ పక్కకి తప్పుకుంది, ఆట ముగిసింది, పాప ఆ గోడ పక్కనే నేల మీద నిద్రపోయింది.

అప్పుడు అతను పనితనం చూపించాడు. నిద్రపోతున్న పాప దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, నెమ్మదిగా, పద్ధతిగా ఒక ఫొటో తీశాడు. మొహం స్పష్టం. నోరు మూసి ఉంది. గౌను కిందికి ఉంది. జబ్బేమీ లేదు. అడిగిన మూడూ ఉన్నాయి. సాయంత్రం స్టూడియోలో అది అచ్చు వేయించాడు. ఎందుకో ఇంకొకటి కూడా వేయించాడు. అది జేబులోనే ఉంచుకున్నాడు.

ఆదివారం పొద్దున సూట్‌కేసు గుమ్మం దగ్గరికి చేరాక, నిద్ర ఫొటో భార్య చేతిలో పెట్టి పక్కన నిలబడ్డాడు, ఫలితాల కోసం ఎదురుచూసే విద్యార్థిలా.

"బాగుంది" అంది ఆవిడ. గుర్తింపు కార్డు ఫొటోని బాగుందన్నట్టే అంది. కాస్త ఆగి, "ఒళ్లు వెచ్చగా ఏమైనా ఉందా దానికి? నీరసంగా పడుకున్నట్టుంది" అంది.

అతను నవ్వాడో ఏడ్చాడో తెలియని మొహం పెట్టాడు. ఎంత జాగ్రత్తగా తీసినా అతని చేతిలో పడితే పాప రోగిలాగే వస్తుంది. ఇక దాచి ఏం లాభమని రెండోది కూడా జేబులోంచి తీసిచ్చాడు. "ఇది పనికిరాదులే. చూడు."

పాప వీపు. ఒక కాలు నేల మీద, రెండోది గాల్లో. రెండు చేతులూ గోడ వైపు చాచి ఉన్నాయి, వేళ్లన్నీ విడివిడిగా. తల వెనక్కి వాలింది. అంచులన్నీ చెదిరాయి. గోడ మీద మాత్రం ఏమీ లేదు, తెల్లగా ఉంది.

అత్తగారు భుజం మీంచి తొంగిచూసింది. "ఎవరిది బాబూ ఇది? వెనకనుంచి తీస్తారా ఎవరైనా?"

"కెమెరా పాప జుట్టుకి సరిపోయేలా వెలుతురు తీసుకుందండీ, దాంతో గోడంతా తెల్లబడిపోయింది. ఆ వెలుగు ముద్ద పడలేదు. కదులుతోంది కదా, అందుకని చెదిరింది. మొహం కూడా..." ఒకటొకటిగా తప్పులు చెప్పుకుంటూ పోతున్నాడు. ఆ పనిలో అతన్ని మించినవాడు లేడు.

"కాసేపు ఊరుకోండి" అంది భార్య.

చాలాసేపు చూసింది. నిద్ర ఫొటోని అతని చొక్కా జేబులోకి తోసి, రెండోదాన్ని తన చేతిసంచి లోపలి అరలో పెట్టుకుని, జిప్పు లాగింది. పాపని ఎత్తుకుని ముద్దు పెట్టింది. బస్సు మెట్లెక్కేటప్పుడు వెనక్కి తిరిగి, "నోట్లో ఏదైనా పెట్టుకుంటే చూసుకోండి. మిగతావన్నీ పర్వాలేదు" అంది.

రెండో రోజు సాయంత్రం ఫోన్ చేసింది.

"ఏమండీ, ఇక్కడ హాస్టల్లో నా పక్క మంచం ఆవిడకి ఫొటో చూపించాను."

"మొహం లేదని నవ్విందా?" అన్నాడు, సిద్ధంగా ఉన్నవాడిలా.

"నవ్వలేదు. మీ పాప ఎలా ఉంటుందీ అని అడిగింది. అరగంట చెప్పాను. మొహం ఉండి ఉంటే చూసి, ముద్దుగా ఉందనేసి, అటు తిరిగి పడుకునేది కదూ?"

ఈపాటికి అలవాటు ప్రకారం అతను జ్వరం ఎంత, నీళ్లు ఎన్ని తాగింది, ఎన్నిసార్లు వెళ్లింది, అన్నీ అప్పజెప్పి ఉండాల్సింది.

"ఇప్పుడేం చేస్తోంది అది?" అంది భార్య.

అతను పెరటి గుమ్మంలోకి వెళ్లి చూశాడు.

"బకెట్టు దగ్గర నిలబడింది. ఒక కాలు లోపల పెట్టింది. రెండోది పెట్టాలా వద్దా అని ఆలోచిస్తోంది. నీళ్లలో ఏదో తేలుతోంది, ఆకనుకుంటా, దాంతో మాట్లాడుతోంది. మీ అమ్మగారు వద్దంటున్నారు. వినడం లేదు. ఉండు, ఇప్పుడు ఆ ఆకుని తన నెత్తిన పెట్టుకుంది. జారిపోయింది. మళ్లీ పెట్టుకుంది..."

"ఊఁ" అంది ఆవిడ అటునుంచి. "చెప్పండి."